నురగ ఆగకపోతే పాలు పట్టొద్దు

అప్పుడే పుట్టిన బిడ్డ నోట నురగ కనిపిస్తే 'ఉమ్మనీరు మింగింది, కక్కేస్తుందిలే' అంటారు పెద్దవాళ్లు. చాలాసార్లు అది నిజమే. కానీ తుడిచినకొద్దీ నురగ ఊరుతుంటే, మొదటి గుక్కకే బిడ్డ ఉక్కిరిబిక్కిరై పెదాలు నీలంగా మారితే ఇంకేదో ఉందని అనుమానించాలి. దాదాపు 3 వేల నుంచి 4 వేల కాన్పుల్లో ఒక బిడ్డకు అన్నవాహిక మధ్యలో తెగి ఉంటుంది. పై ముక్క అడుగు మూసుకుపోయిన సంచి. అది నిండితే ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పొర్లుతుంది. నూటికి 85 మందిలో కింది ముక్క వాయునాళంలోకి తెరుచుకుంటుంది, కడుపులోని ఆమ్లం ఆ దారినే ఎదురెక్కుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో చిల్కానగర్, నాచారం సందుల్లోని చిన్న నర్సింగ్ హోమ్‌లో దొరికే గొట్టం చాలు, 8 లేదా 10 సైజుది. నోట్లోంచి మెల్లగా పంపితే, అన్నవాహిక తెగి ఉన్న బిడ్డలో అది చిగుళ్ల నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మరీ సన్నని, మెత్తని గొట్టమైతే సంచిలోనే చుట్టుకుని కడుపులోకి దిగినట్టు మోసం చేస్తుంది. అందుకే గొట్టాన్ని అలాగే ఉంచి ఎక్స్‌రే తీయాలి. పైన గొట్టం ఆగిపోయి, కింద కడుపులో గాలి కనిపిస్తే విషయం తేలిపోయినట్టే. బేరియం తాగించి చూడకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

'టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు కదా' అని తండ్రులు నిలదీస్తారు. వాయునాళం గుండా ఉమ్మనీరు కడుపులోకి చేరుతుంది కాబట్టి గర్భంలో ఉండగా తీసే ఆ స్కాన్‌లో ఇది చాలాసార్లు దొరకదు. ఉమ్మనీరు ఎక్కువగా ఉందని మాత్రం రిపోర్టులో రాసి ఉండొచ్చు. ఆ మాట పురిటి గదిలోని నర్సుకు ముందే చెప్పాలి.

తెగిన ముక్కలను ఒకే ఆపరేషన్‌తో కలిపి సర్జన్ కామెరాన్ హైట్ అమెరికాలో బిడ్డను బతికించింది 1941లో. ఇన్నేళ్ల తర్వాత కూడా, 74 దేశాల్లో జరిగి 2021లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చూస్తే గుండె తరుక్కుపోతుంది. పుట్టుకతో జీర్ణవ్యవస్థ లోపాలున్న శిశువుల్లో పేద దేశాల్లో నూటికి 40 మంది, మనలాంటి మధ్యాదాయ దేశాల్లో 20 మంది చనిపోయారు. సంపన్న దేశాల్లో ఆరుగురు కూడా లేరు.

మనకు ఆపరేషన్ చేసే చోటు లేక కాదు. రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి 1953 నుంచి ఉంది. ఉప్పల్ వైపు నుంచి ఊరు దాటి అక్కడికి చేరేలోపు బిడ్డ ఊపిరితిత్తులు పాడవకూడదు, అంతే. పాలు, తేనె, పంచదార నీళ్లు ఏదీ ఒక్క చుక్క కూడా పట్టకూడదు. తల వైపు ఎత్తుగా పెట్టి, ఒళ్లు వెచ్చగా ఉంచి, సంచిలోని ఉమ్మిని పీలుస్తూ అంబులెన్సులో తేవాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకాల్సిన తొమ్మిది పుట్టుక లోపాలను జాబితాలో పెట్టింది. గ్రహణం మొర్రి, వంకర పాదం ఉన్నాయి, తెగిన అన్నవాహిక లేదు. ఆసుపత్రిలో కాన్పయితే ఆశ కార్యకర్త ఇంటికి వచ్చేది మూడో రోజు, ఈ బిడ్డకు అప్పటికే ఆలస్యం. అందుకే గొట్టంతో చూసే ఈ పరీక్షను, నురగ ఆగని ప్రతి బిడ్డకూ మొదటి పాలకు ముందే చేయాలని ప్రభుత్వం ప్రతి పురిటి గదికీ రాతపూర్వకంగా ఆదేశించాలి, ప్రైవేటువాటికి కూడా.