పాత నాణేనికి 'గ్రేడ్' వస్తే రేటు ఖాయమేనా? రాయదుర్గం వాసులూ.. అమ్మే ముందు ఇది చదవండి

రాయదుర్గం: మీ ఇంట్లో పాత నాణెం ఉందా? అయితే మీరు లక్షాధికారే! ఇలాంటి వీడియోలు ఫోన్లలో రోజుకొకటి తిరుగుతూనే ఉన్నాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్ల మొదలు విజయనగర కాలం నాటి వరహాల దాకా అన్నిటికీ ఏదో ఒక రేటు చెప్పేస్తున్నారు. వాటితో పాటే వినిపించే ఇంకో మాట.. గ్రేడింగ్. 'సర్టిఫికెట్ తెప్పిస్తే రేటు పదింతలు' అని ఆశ పెడతారు.

విజయనగర రాజుల నాటి కోట ఉన్న ఊరు రాయదుర్గం. తాతల నాటి పెట్టెలో నాలుగు పాత బిళ్లలు ఉండటం ఇక్కడ పెద్ద వింతేం కాదు. వాన మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఏడాది, ఆ బిళ్లలే అప్పు తీర్చే దారిలా కనిపిస్తాయి. అందుకే ఈ గ్రేడింగ్ లెక్క ఏంటో, అందులో చిక్కు ఎక్కడుందో తెలుసుకోవాలి.

గ్రేడింగ్ అంటే ఏంటి?

నాణెం ఎంత అరిగింది, గీతలు ఎన్ని, మెరుపు ఎంత మిగిలింది.. ఇవన్నీ చూసి 1 నుంచి 70 వరకు ఒక అంకె ఇస్తారు. ఈ స్కేలును 1949లో అమెరికాకు చెందిన విలియం షెల్డన్ ఆ దేశపు పాత రాగి సెంట్ల కోసం తయారు చేశారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా ప్రైవేటు సంస్థలు మొదలయ్యాయి. గ్రేడ్ ఇచ్చాక నాణేన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీల్ చేస్తారు. దాన్నే 'స్లాబ్' అంటారు.

ఒకే నాణెం.. రెండు అంకెలు

అసలు గొడవ ఇక్కడే. గ్రేడ్ అనేది త్రాసులో తూచిన బరువు కాదు. కంటితో చూసి చెప్పే అభిప్రాయం. ఇవాళ 63 వచ్చిన నాణేన్ని డబ్బా పగలగొట్టి మళ్లీ పంపితే 64 రావచ్చు, 62 కూడా రావచ్చు. కొన్ని అరుదైన నాణేలకు ఒక్క పాయింట్ తేడాతో ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. అందుకే మంచి అంకె వచ్చేదాకా ఒకే నాణేన్ని మళ్లీ మళ్లీ పంపే వ్యాపారులున్నారు.

ఈ తేడాలు ఎంత ముదిరాయంటే, ఇప్పటికే గ్రేడ్ ఇచ్చిన నాణేలను మరోసారి పరిశీలించి స్టిక్కర్ వేసేందుకే 2007లో సీఏసీ అనే సంస్థ పుట్టింది. అంటే సర్టిఫికెట్‌కే ఇంకో సర్టిఫికెట్ అన్నమాట!

1990లోనే ప్రభుత్వం ప్రశ్నించింది

తమ గ్రేడింగ్ నిష్పాక్షికం, ఎప్పుడూ ఒకేలా ఉంటుందని పీసీజీఎస్ చేసుకున్న ప్రచారంపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990లో అభ్యంతరం చెప్పింది. ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన నాణేల మార్కెట్‌లో ఉండే రిస్క్ పోదని ప్రకటనల్లో చెప్పాల్సి వచ్చింది.

బంగారం హాల్‌మార్క్‌తో పోల్చి చూస్తే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. 916 ముద్ర అంటే 91.6 శాతం బంగారం. అది ల్యాబ్‌లో తేలే లెక్క, వెనక చట్టం ఉంది. నాణెం గ్రేడ్ అలా కాదు. అది ఒక ప్రైవేటు సంస్థ మాట మాత్రమే.

వరహాల సంగతేంటి?

విజయనగర వరహా దాదాపు 3.4 గ్రాముల బంగారు నాణెం. యంత్రంతో కాదు, సుత్తితో కొట్టి ముద్ర వేసినవి. బొమ్మ ఓ పక్కకి జరిగి ఉండొచ్చు, సగమే పడి ఉండొచ్చు. అది అరుగుదలా, తయారీలోనే అలా వచ్చిందా అన్న దగ్గరే చూసేవాళ్ల మధ్య అభిప్రాయ భేదాలు మొదలవుతాయి.

పైగా చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి 'మీ వరహాను అమెరికా పంపి గ్రేడ్ తెప్పిస్తా' అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. అలాంటి పాత వస్తువులతో వ్యాపారం చేయాలన్నా లైసెన్స్ ఉండాలి.

పొలం దున్నుతుంటే దొరికిన నాణేల కథ వేరు. 1878 నాటి నిధుల చట్టం కింద 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. దాచిపెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు.

మరి ఏం చేయాలి?

* చింతపండుతోనో, పళ్లపొడితోనో తోమకండి. మెరుస్తుంది గానీ విలువ పోతుంది. తోమిన నాణేనికి పెద్ద సంస్థలు మామూలు గ్రేడ్ అంకె ఇవ్వవు.
* బంగారు, వెండి నాణేలైతే ముందు బరువు తూయించండి. లోహం విలువ ఎంతో తెలిస్తే దానికంటే తక్కువకు మోసపోరు.
* స్లాబ్‌లో ఉన్న నాణెం కొంటుంటే దాని మీది నంబర్‌ను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. నకిలీ నాణేలే కాదు, నకిలీ డబ్బాలు కూడా మార్కెట్‌లో ఉన్నాయి.
* ఒక్కరి మాట మీద అమ్మేయకండి. సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి చూపించి రేటు అడగండి.
* 'రిజిస్ట్రేషన్ ఫీజు', 'కమీషన్', 'ట్యాక్స్' అంటూ ముందే డబ్బులడిగితే ఫోన్ పెట్టేయండి. పాత నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా చార్జీలు అడగమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

గ్రేడింగ్ మొత్తం మోసమని కాదు. నకిలీలను పట్టుకోవడంలో, దూరాన ఉన్న కొనుగోలుదారుకు నమ్మకం కలిగించడంలో దాని ఉపయోగం దానికుంది. కానీ ఆ అంకె మీ నాణేనికి ఎవరో ఇచ్చిన మార్కు. రేటుకు హామీ కాదు. ఆ అంకెను నమ్మి అప్పు చేసి ఫీజు కడితే, రేపు ఇంకొకరు తక్కువ అంకె వేసినప్పుడు నష్టపోయేది ఆ ఇంటివాళ్లే.