మెత్తని సీటు మోసం

కారు కొనడానికి వెళ్ళినవాళ్ళు షోరూములో తప్పకుండా చేసే పని ఒకటుంది. తలుపు తీసి, సీటును అరచేత్తో నొక్కి చూసి, కూర్చుని, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అంటారు. మైలేజీ గురించీ, ఈఎంఐ గురించీ గంటసేపు ఆరా తీసినవాళ్ళు కూడా సీటు సంగతి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. మెత్తగా ఉంటే సుఖం, గట్టిగా ఉంటే నరకం. ఇళ్ళలోనూ, షోరూముల్లోనూ, కుషన్ షాపుల్లోనూ, లారీ ఓనర్ల దగ్గరా ఇదే లెక్క నడుస్తోంది. ఈ లెక్క తప్పు. మనుషుల నడుములు విరగ్గొడుతున్న తప్పు. దూరప్రయాణాల మీద బతికే లక్షలమంది డ్రైవర్లకు ఏళ్ళ తరబడి అన్యాయం చేస్తున్న తప్పు.

సీటు మంచిదో కాదో మొదటి రెండు నిమిషాల్లో తెలియదు. హైదరాబాదులో బయల్దేరి బెంగళూరు దారిలో కర్నూలు దాటి, అనంతపురం దగ్గరపడుతుంటే అప్పుడు తెలుస్తుంది. షోరూములో మనల్ని మెప్పించిన మెత్తదనమే అక్కడ నడుము పట్టేసేలా చేస్తుంది.

ఎందుకో చెబుతాను. పిరుదుల అడుగున రెండు గట్టి ఎముకలుంటాయి. కూర్చున్నప్పుడు ఒంటి బరువు మోయడానికి తగినవి అవే. సీటు తగినంత గట్టిగా ఉంటే బరువు వాటి మీద నిలబడుతుంది, మిగతాది తొడల మీద పలచగా పరుచుకుంటుంది. ఫోము మరీ మెత్తనైతే ఆ ఎముకలు లోపలికి దిగబడతాయి. బరువు చుట్టూ ఉన్న కండ మీదికీ, ముడ్డిపూస మీదికీ జరుగుతుంది. కటి ఎముక వెనక్కి దొర్లుతుంది, నడుము దగ్గర సహజంగా లోపలికి ఉండాల్సిన వంపు చదునైపోతుంది. వదులైపోయిన నులకమంచంలో రాత్రంతా పడుకుని లేచినవాడి నడుము ఎలా ఉంటుందో, ఆ సీటులో ఆరు గంటలు కూర్చున్నవాడి నడుమూ అంతే. పైగా మెత్తటి గుంటలో కూరుకుపోయిన మనిషి కదలలేడు. గట్టి సీటులో మనకు తెలియకుండానే అటో ఇటో సర్దుకుంటూ ఉంటాం. ఆ చిన్న చిన్న కదలికలే దూరప్రయాణంలో ఒంటిని కాపాడేవి.

స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల్లో బతికున్న మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి, అక్కడి ఒత్తిడిని నేరుగా కొలిచాడు. నిలబడినప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, వీపు ఆనకుండా కూర్చున్నప్పుడు అది 140 దాకా వెళ్ళింది. 1999లో జర్మనీలో మళ్ళీ కొలిచినప్పుడు కూర్చోవడానికీ నిలబడడానికీ అంత తేడా కనబడలేదు. ఆ విషయం దాచిపెట్టి వాదించను. కానీ రెండు కొలతలూ ఒక మాట మీద కలిశాయి. ముందుకు వంగి కూర్చుంటే ఒత్తిడి బాగా పెరుగుతుంది, వీపును వెనక్కి ఆనించి కూర్చుంటే తగ్గుతుంది. అంటే నడుముకు కావలసింది వీపు పట్టు, సరైన వాలు, సరైన ఎత్తు. చేత్తో నొక్కి చూస్తే ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు.

ఇంత నొప్పి పడ్డాక కూడా మనవాళ్ళు సీటును సరిచేసుకోరు, సీటు మీద ఇంకో సీటు కొంటారు. జెల్ కుషనట, మెమరీ ఫోమట, నడుము దిండట. మెమరీ ఫోమును 1966లో నాసా కోసం విమానం సీట్లలో వాడడానికి తయారుచేశారు. దాని గుణం ఏమిటంటే, వేడికి మెత్తబడుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నమంతా ఎండలో నిలబెట్టిన కారులో దాన్ని ఊహించుకోండి. కూర్చోగానే అడుగుదాకా అణిగిపోతుంది. ఇక లావుపాటి నడుము దిండు పెడితే మనిషి మొత్తంగా ముందుకు జరుగుతాడు. తొడల కింద ఆధారం తగ్గుతుంది, తలకూ హెడ్‌రెస్టుకూ మధ్య దూరం పెరుగుతుంది. వెనకనుంచి ఏ బండో గుద్దినప్పుడు మెడను కాపాడాల్సింది ఆ హెడ్‌రెస్టే. అడుగున వేసే మెత్తటి కుషన్ ఇంకా ప్రమాదం. ఢీకొన్న క్షణంలో అది అణిగిపోయి, నడుము బెల్టు కిందినుంచి జారితే, కటి ఎముకను పట్టుకోవాల్సిన బెల్టు పొట్టలోకి దిగుతుంది. సీటు పక్కనుంచి ఎయిర్‌బ్యాగు విచ్చుకునే కార్లకు బిగుతుగా కుట్టించిన సీటు కవరు ఆ ఎయిర్‌బ్యాగుకే అడ్డం. సుఖం కోసమని డబ్బు పెట్టి ప్రాణరక్షణ తగ్గించుకోవడం నాకు మింగుడుపడదు.

కారున్నవాళ్ళు పైసా ఖర్చు లేకుండా చేసుకోగలిగింది చాలా ఉంది. వెనక జేబులో పర్సు తీసి పక్కన పెట్టండి. పర్సు మీద గంటల తరబడి కూర్చుంటే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, పిరుదు కిందుగా పోయే నరం నలుగుతుంది, కాలు లాగుతుంది. డాక్టర్లకు బాగా తెలిసిన బాధ ఇది. తర్వాత వీపు కింది భాగం సీటుకు పూర్తిగా ఆనేలా వెనక్కి జరిగి కూర్చోండి. క్లచ్ అడుగుదాకా తొక్కినా మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాలి. తుంటి మోకాలికన్నా కిందికి ఉండకూడదు. సీటు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. లేకపోతే అంచు తొడ వెనక నొక్కి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. వీపును నిటారుగా కాక కాస్త వెనక్కి వాల్చి, భుజాలు సీటుకు ఆని ఉండగానే చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. నడుము దగ్గర ఇంకా ఖాళీ ఉంటే పలచటి తువ్వాలు చుట్టి పెట్టుకుంటే చాలు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే కారయితే ఎక్కిన ప్రతిసారీ ఈ సర్దుబాటు చేసుకోవాల్సిందే. కానీ ఎత్తు మార్చుకునే వీలున్న సీటు చాలా కార్లలో చవక మోడలుకు ఇవ్వరు, ఖరీదైన మోడలుకే ఇస్తారు. అయిదడుగుల మనిషీ ఆరడుగుల మనిషీ ఒకే ఎత్తులో కూర్చోవాలనడం ఏం న్యాయం? కొనేవాళ్ళు పెద్ద టచ్‌స్క్రీన్ అడుగుతున్నారు, సన్‌రూఫ్ అడుగుతున్నారు. సీటు ఎత్తు ఎవరూ అడగరు. అడగనిది కంపెనీలు ఎందుకిస్తాయి?

కారు సంగతి ఇంతటితో వదిలేస్తాను. వారానికోసారి నడిపేవాళ్ళ నొప్పి ఆదివారంతో పోతుంది. నా అసలు బాధ లారీ క్యాబిన్ గురించి.

విజయవాడ ఆటోనగర్‌లో కుషన్ పనివాడి దగ్గర కాసేపు నిలబడితే ఈ దేశంలో డ్రైవరు సీటు ఎలా తయారవుతుందో తెలుస్తుంది. ఛాసిస్ కంపెనీనుంచి వస్తుంది, కొన్ని లారీలకు క్యాబిన్ ఇక్కడి షెడ్లలోనే కడతారు. అద్దాలకు పూలు గీయిస్తారు, ముందు బంపరుకు రంగులేయిస్తారు, దేవుడి పటానికి లైట్ల దండ పెట్టిస్తారు. సీటు దగ్గరికి వచ్చేసరికి ఇనపచట్రం, ప్లైవుడ్డు, దానిమీద ఓ స్పాంజి ముక్క, పైన రెగ్జిన్. పాత సీటు పట్టుకొచ్చిన ఒక డ్రైవరు, "అన్నా, ఇంకో రెండంగుళాలు వెయ్యి, నడుం పోతాంది" అని అడుగుతుంటే విన్నాను. పనివాడు స్పాంజిని బొటనవేలితో అదిమి చూపించాడు. "మెత్తది వేస్తే వారం బాగుంటది తమ్ముడూ, ఆ తర్వాత గుంట పడిపోద్ది. గట్టి డెన్సిటీది వేద్దాం, అయితే ఓనరు ఒప్పుకోవాల" అన్నాడు. సీటు శాస్త్రంలో సగం ఆ పనివాడికి తెలుసు. తెలియంది డబ్బిచ్చేవాడికి.

మిగతా సగం కుదుపు. మనిషి ఒళ్ళు కింది నుంచి పైకి వచ్చే ఊపులో సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే కంపనానికి అన్నిటికన్నా ఎక్కువ లోనవుతుంది. వెన్నెముకకు తనదైన ఊపు సెకనుకు 5 సార్ల దగ్గర ఉంటుంది. మామూలు ఫోము సీటుకు తన సొంత ఊపు కూడా సెకనుకు 4 సార్ల దగ్గరే. అంటే కమాన్ కట్టల మీద వచ్చిన కుదుపును అలాంటి సీటు ఆపకపోగా ఆ మేరకు పెంచి వెన్నుకు అందిస్తుంది. ఇంకో రెండంగుళాల స్పాంజితో ఇది తీరదు. లెక్క వేసి చూడండి. సెకనుకు ఒకటిన్నర సార్లే ఊగేంత నెమ్మదైన ఆధారం కావాలంటే, ఉత్త స్పాంజి మనిషి బరువుకే దాదాపు 11 సెంటీమీటర్లు దిగాలి, గుంత వచ్చినప్పుడు దిగడానికి ఇంకా చోటుండాలి. ఏ కుషనూ అంత దిగదు, దిగితే అందులో కూర్చుని పెడళ్ళు తొక్కలేం. అందుకే సీటు అడుగున వేరే సస్పెన్షన్ కావాలి. గాలిబుడ్డితో పనిచేసేవీ, స్ప్రింగు, డ్యాంపరుతో పనిచేసేవీ చాలాకాలంగా ఉన్నాయి. వాటి మీద ఉండే కుషన్ మెత్తగా ఉండదు, గట్టిగానే ఉంటుంది. పని అంతా కింద జరుగుతుంది. వీటిలో చాలావాటికి డ్రైవరు బరువుకు తగ్గట్టు తిప్పుకునే నాబ్ ఉంటుంది. లారీ చేతులు మారినప్పుడు అది తిప్పుకోవాలని కొత్త డ్రైవరుకు చెప్పే బాధ్యత ఓనరుదే.

ఐరోపా సమాఖ్య 2002లోనే పనిచేసేవాళ్ళ ఒంటికి రోజంతా తగిలే కుదుపుకు కొలత పెట్టింది. 8 గంటల పనికి లెక్కగట్టి సెకను వర్గానికి 0.5 మీటర్ల త్వరణం దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి, 1.15 దాటనివ్వకూడదు. మన కేంద్ర ప్రభుత్వం 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేసింది. మంచి పని. అప్పుడూ "లారీకి ఏసీ ఏంటి, డ్రైవరు నిద్రపోతాడు" అన్నవాళ్ళున్నారు. ఎండకు ఒళ్ళు ఉడికిపోతున్న మనిషే అలసిపోతాడని వాళ్ళకు అర్థం కావడానికి చట్టం కావాల్సొచ్చింది. సీటు కుదుపు విషయంలోనూ చట్టమే రావాలి. ఏసీ వచ్చిందని తృప్తిపడి ఆగిపోతే చల్లని క్యాబిన్‌లో అదే నడుంనొప్పి.

"అలవాటైపోతుందిలే, మా డ్రైవరు ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాడు" అనే మాట ఈ వాదనలన్నిటికీ తల్లి. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేదీ ఇదే. ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నవాడు మీకు కనబడుతున్నాడు. పదో ఏట నడుము పోయి స్టీరింగు వదిలేసి, ఊళ్ళో వాచ్‌మన్‌గానో కిళ్ళీకొట్లోనో కూర్చున్నవాడు మీ లెక్కలోకి రాడు. మిగిలినవాళ్ళను చూపించి ఎవరికీ ఏమీ కాలేదనడం అబద్ధం. డిస్కు అలవాటు పడదు. దానికి నేరుగా రక్తనాళాలు లేవు. ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే పోషకాలు లోపలికి వెళతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుని, పైగా కుదుపులు తింటుంటే అది ఎండుతుంది, పగులుతుంది. దానికి అలవాటని పేరు పెట్టుకున్నాం.

ఇక్కడే ఇంకో అపోహనూ పట్టుకోవాలి. మంచి సీటు వేయిస్తే ఆపకుండా తోలొచ్చని కొందరు ఓనర్లు లెక్కగడతారు. ఎంత గొప్ప సీటయినా విశ్రాంతికి బదులు కాదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో, అది కారయినా బస్సయినా విమానమయినా, కాళ్ళ రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఐరోపాలో లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. మన దగ్గరా 2025 దాకా 1961నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది. అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. భీమవరం, ఆకివీడు వైపునుంచి చేపల లోడుతో హౌరాకు వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుగెత్తే లారీని ఆ అరగంట ఎవరు ఆగనిస్తున్నారు? మంచు కరిగితే సరుకు పోతుందని తొందర. చేపను ట్రేలలో పేర్చి, మంచు పొడి వేసి, కందకుండా పంపే వ్యాపారి, దాన్ని మోసుకెళ్ళే మనిషి కింద మాత్రం గుంటపడిన స్పాంజి ఉంచుతున్నాడు. ఇది నాకు సిగ్గుగా ఉంది, చూస్తున్నవాళ్ళందరికీ సిగ్గుగా ఉండాలి.

ఖర్చెక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. పది టైర్ల లారీకి ఒక్కసారి టైర్లు మార్చడానికి ఎంతవుతుందో ఓనర్లకు నేను చెప్పనక్కర్లేదు. సస్పెన్షన్ సీటు ఆ లెక్కలో చిన్న పద్దు. టైరు పగిలితే ఆ రోజే లోడు ఆగుతుంది కాబట్టి టైరుకు డబ్బు తీస్తారు. నడుము ఏళ్ళమీద పాడవుతుంది, ఆ నష్టం డ్రైవరు ఇంట్లో పడుతుంది కాబట్టి దానికి తీయరు. అసలు అడ్డంకి ఇదే. ఈ లెక్క మారాలంటే రాష్ట్ర ప్రభుత్వాలు ముందడుగు వేయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలు కొత్త బస్సులకు టెండరు పిలిచేటప్పుడు డ్రైవరు సీటుకు సస్పెన్షన్, ఎత్తూ దూరమూ వాలూ మార్చుకునే వీలు, బరువు సర్దుబాటు తప్పనిసరి షరతుగా రాయాలి, సీటు మీద కుదుపు కొలిచి చూశాకే బస్సులు తీసుకోవాలి. లారీ అసోసియేషన్లు ఆటోనగర్ షెడ్లతో కూర్చుని క్యాబిన్ కట్టేటప్పుడే సస్పెన్షన్ సీటు బిగించేలా ఒప్పందం చేసుకోవాలి. ఆ సీటు ఖరారు చేసే రోజున మాట ఓనరు ఒక్కడిదే కాకూడదు. లారీ ఎక్కబోయే డ్రైవరును పిలిచి, లోడు బండిలో ఒక రాత్రంతా నడిపించి, తెల్లారి అతను సరేనన్న తర్వాతే డబ్బు కట్టాలి.