శత్రువుల్లేని ఫ్యాక్షన్లు

ఫ్యాక్షన్ అనగానే మనవాళ్ళకి 1999లో వచ్చిన సమరసింహారెడ్డి, ఆ తర్వాత వరసబెట్టి వచ్చిన సినిమాలు, గాల్లోకి లేచే సుమోలు గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో ఉండే ఫ్యాక్షన్ల గురించి. ఆ సినిమాలకున్నపాటి లాజిక్కు కూడా ఈ గేముల్లో చాలావాటికి లేదన్నదే నా బాధ. సినిమాలో ఒక వర్గంవాడి ఇంట్లో భోంచేస్తే రెండో వర్గంవాడు ఊరుకోడు. గేములో మాత్రం పొద్దున ఒకళ్ళకి, సాయంత్రం ఇంకొకళ్ళకి ఊడిగం చేసి, అందరిచేతా శభాష్ అనిపించుకోవచ్చు!

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌నే తీసుకోండి. 2004లో వచ్చిన ఈ గేములో ఒక వర్గం దగ్గర న్యూట్రల్ నుంచి ఎగ్జాల్టెడ్ దాకా ఎక్కాలంటే 42,000 పాయింట్లు కావాలి. ఒక్కో చావుకి 10 పాయింట్లొస్తే 4,200 చావులు. దీన్ని పరువు అంటారా, కూలి లెక్క అంటారా? 2008లో ఇంకో అడుగు ముందుకేశారు. ఒక వర్గం గుర్తున్న టాబార్డ్ తొడుక్కుని డంజన్లోకి వెళ్తే చాలు, అక్కడ చచ్చినవాళ్ళకి ఆ వర్గంతో ఏ సంబంధమూ లేకపోయినా పాయింట్లు ఆ ఖాతాలో పడేవి. మెడలో ట్యాగు మార్చుకుంటే అప్రైజల్ రేటింగు వచ్చేసినట్టన్నమాట. 2022లో డ్రాగన్‌ఫ్లైట్‌లో ముఖ్యమైన వర్గాలకి పెట్టిన రినౌన్ అయితే పెరగడమే గానీ తరగడం తెలీనిది.

పోనీ వీళ్ళకి తెలీదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. అదే గేములో 2007లో ఆల్డార్, స్క్రయర్స్ అని రెండు వర్గాలు పెట్టారు. ఒకరి దగ్గర ఎంత సంపాదిస్తే రెండోవారి దగ్గర అంతకి పది శాతం ఎక్కువే పోయేది. ఎవరి పక్షమో తేల్చుకోవాల్సిందే. దానికంటే ముందే, 1999 నాటి ఎవర్‌క్వెస్ట్‌లో ఎవణ్ణి చంపినా వాడికి చుట్టాలుండేవాళ్ళు, పగవాళ్ళూ ఉండేవాళ్ళు. ఒక దెబ్బతో నాలుగు వర్గాల లెక్కలు మారేవి. కొన్ని జాతుల పాత్రలైతే కొన్ని ఊళ్ళ గేటు దగ్గరికెళ్తేనే కాపలావాళ్ళు మీద పడేవాళ్ళు. 2003లో మొదలైన ఈవ్ ఆన్‌లైన్‌లో కాల్డారీల కోసం గాలెంటేల మీద పోరాడుతూ పోతే గాలెంటేల దగ్గర మైనస్ పడుతుంది. మైనస్ 5 దాటితే వాళ్ళ భద్రమైన ప్రాంతాల్లో వాళ్ళ నేవీయే మనల్ని వేటాడుతుంది. అదీ పరువంటే!

సరే, విమర్శించడం తేలికే, నువ్వైతే ఎలా చేస్తావు అంటారా? మొదట, వర్గాల మధ్య సంబంధాలకి ఒక మాట్రిక్స్ కావాలి. పది వర్గాలుంటే వంద అంకెలు, అవి ఆటగాళ్ళందరికీ ఉమ్మడి. ఒక చోట చేసిన పని మిగతా చోట్లకి ఎంత పాకాలో అది చెబుతుంది. రెండోది, ఒక్క ఇంటిజర్‌తో సరిపెట్టకుండా మంచికొకటి, చెడుకొకటి విడిగా దాచాలి. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగస్ ఒంటరిగా ఆడే గేమే అయినా ఈ పని చేసింది. అందులో ఊరికి నువ్వు చేసిన ఉపకారం, అదే ఊరికి చేసిన ద్రోహాన్ని చెరిపెయ్యదు. మూడోది, సాక్షి. ఎవరూ చూడని హత్య అవతలి ఊరికి క్షణంలో ఎలా తెలుస్తుందండీ?

"ఇవన్నీ పెడితే స్నేహితులు చెరో వర్గంలో పడి విడిపోతారు, విసుగొచ్చి గేము మానేస్తారు" అనేవాళ్ళున్నారు. ఇందులో నిజముంది. అందుకే పోయిన పేరు తిరిగి తెచ్చుకునే దారి ఉండాలి, కానీ దానికో ధర కూడా ఉండాలి. ఆల్డార్ నుంచి స్క్రయర్స్‌కి మారే వీలు అప్పుడే ఇచ్చారు, కాకపోతే చచ్చేంత చాకిరీతో. ఈవ్ ఇంత కఠినంగా ఉండి కూడా ఇరవయ్యేళ్ళు దాటి నడుస్తోంది కదా.

అసలు కిటుకు వేరే ఉందని నా అనుమానం. నెలనెలా చందా కట్టించుకునే గేముకి మనం ఏ పక్షమో అనవసరం, ఎన్ని గంటలు కూచున్నామన్నదే ముఖ్యం. పని వదిలేసి సీట్లో కూచున్న గంటలు లెక్కపెట్టే మేనేజరంటే మనకి ఒళ్ళుమంట. అదే లెక్క పెట్టే గేముకి మాత్రం ఎదురు డబ్బులిచ్చి మరీ హాజరు వేయించుకుంటున్నాం!