క్లాసు సినిమాకి కంచె ఎవరు వేశారు?

తిరువూరు పక్క వాడ నుంచి ఒక పిల్ల పట్నంలో యూనివర్సిటీకి పోయింది. ఎం.ఏ. చదువుతోంది. తల్లి మామిడి తోటల్లో కూలికి పోద్ది. ఒక సెమిస్టరులో సినిమా మీద పేపరు పడింది. సారు డీవీడీని కంప్యూటరులోకి ఎక్కించి డిపార్టుమెంటు నెట్‌లో పెట్టాడు. క్యాంపస్ లోపలుంటేనే ఆడుద్ది, గేటు దాటితే ఆడదు. తల్లికి జబ్బు చేసి ఈ పిల్ల మూడు వారాలు ఇంటికొచ్చింది. ఇంటి దగ్గర చూసుకుంటాను, ఏదో ఒక దారి చెప్పండని అడిగితే ఆఫీసు వాళ్ళు అన్నది ఒకటే మాట: "కాపీరైటు. కేసవుద్ది." అదే క్లాసులో ఉన్నోళ్ళ పిల్లలు నెలకింతని కట్టి యాప్‌లో చూసేశారు. మన పిల్ల చూడని సినిమా మీద పరీక్ష రాసింది.

భూమి లేదు, శ్మశానానికి దారి లేదు, ఇప్పుడు సినిమా గొడవేంటని మనలోనే కొందరు అంటున్నారు. అన్నలారా, 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువుకి పోయింది కొత్త హక్కు అడగడానికి కాదు. ఆ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ అప్పటికే తీర్మానం చేసి ఉంది. కాయితం మీద ఉన్న హక్కుని దోసిట్లోకి తీసుకోవడానికి పోయాడు. ఈ సంగతీ అలాంటిదే.

కాయితం ఏం చెప్తోందో చూడండి. 1957 కాపీరైటు చట్టం, 52వ సెక్షను, ఒకటో ఉపసెక్షనులో 'జె' అనే క్లాజు. విద్యాసంస్థ పనుల్లో భాగంగా సినిమా చూపిస్తే, దాన్ని ప్రేక్షకులకు అందజేస్తే, అది హక్కుల ఉల్లంఘన కాదు. ప్రేక్షకులు ఎవరై ఉండాలో కూడా అందులోనే రాసుంది: సిబ్బంది, విద్యార్థులు, విద్యార్థుల తల్లిదండ్రులు, సంరక్షకులు, ఆ సంస్థ పనులతో సంబంధమున్నవాళ్ళు. తల్లిదండ్రులు! మామిడి తోటలో కూలి చేసే ఆ తల్లి కూడా బిడ్డ పక్కన కూర్చుని ఆ సినిమా చూడొచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. నాలుగు గోడల మధ్యే అని ఆ క్లాజులో ఎక్కడా లేదు. గేటు ఆ క్లాజులో లేదు, ఆఫీసులో ఉంది.

డీవీడీకి తాళం ఉంది కదా అంటారు. 2012లో ఆ తాళాల కోసం 65ఎ సెక్షను తెచ్చారు. హక్కుని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే అది నేరం. చట్టం నిషేధించని పనికి తీస్తే ఆ సెక్షను అడ్డం రాదు. తీయడానికి సాయం చేసినవాళ్ళు ఎవరికి చేశారో వివరాలు రాసి ఉంచుకోవాలి. రిజిస్టరు రాయడం మన ఆఫీసులకి తెలియని విద్యా?

భయం మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజిలిస్ క్యాంపస్‌లో డీవీడీలను నెట్‌లోకి ఎక్కించి క్లాసుల పిల్లలకు చూపించారు. వీడియో వ్యాపారుల సంఘం బెదిరిస్తే 2010 జనవరిలో ఆపేశారు. మార్చిలో మేం చేస్తున్నది న్యాయమే అని మళ్ళీ మొదలెట్టారు. వ్యాపారులు కోర్టుకెక్కారు. 2011లో కొట్టేశారు, మళ్ళీ వేస్తే 2012లోనూ కొట్టేశారు. ప్రభుత్వ యూనివర్సిటీ మీద దావా నడవదన్న సాంకేతిక కారణం అందులో ఉన్న మాట నిజమే. అయినా వెనక్కి తిరిగి నిలబడినోళ్ళు నిలబడ్డారు.

అంతదూరం ఎందుకు, ఢిల్లీ సంగతి చూడండి. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న జెరాక్సు కొట్టు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి లాంటి పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016 సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. బోధన అంటే క్లాసులో గంట కొట్టేదాకా చెప్పేది మాత్రమే కాదంది. కాపీరైటు దైవదత్తమైన హక్కేం కాదని కూడా తీర్పులో రాసింది. దైవదత్తం అనే మాట మనకు కొత్తా? కులం కూడా దైవదత్తమేనని చెప్పే కదా వేల ఏళ్ళు బావి దగ్గరికి రానివ్వలేదు!

సినిమా తీసినవాడి పొట్ట కొట్టమని మేం అనడం లేదు. లైట్లు మోసేవాళ్ళలో, జూనియర్ ఆర్టిస్టుల్లో మనవాళ్ళు ఉన్నారు. ఊళ్ళో టిక్కెట్టు పెట్టి ఆడించుకోమని కూడా మేం అనం, 'జె' క్లాజు దానికి ఒప్పుకోదు. మేమడిగేది చదువు కోసం.

అసలు హక్కుల గడువే తీరిపోయిన సినిమాల సంగతేంటి? 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' ఉంది. కథలో పిల్ల మనది, పెట్టుబడి మన కృష్ణా జిల్లా చల్లపల్లి జమీందారుది, వేషం కాంచనమాలది. మన దేశంలో సినిమా మీద హక్కు 60 ఏళ్ళే, అది ఎప్పుడో తీరింది. దానికీ కాపీరైటు అంటే నమ్మకండి. ఆ సినిమా మన బాధ చెప్పిందా, బ్రాహ్మడి మంచి మనసు చెప్పిందా అన్న పేపరు మన పిల్లలే రాయాలి. చూడకుండా ఎట్లా రాస్తారు? 2000లో జబ్బార్ పటేల్ తీసిన అంబేడ్కర్ సినిమాకి కేంద్రం, మహారాష్ట్ర ప్రభుత్వం డబ్బు పెట్టాయి. మన పన్ను డబ్బుతో తీసిన సినిమా మన ఎస్సీ హాస్టళ్ళలో ఒక్కో కాపీ ఉండడానికి ఎవరి దయ కావాలి?

నెట్‌లో పెట్టాం కదా అని చేతులు దులుపుకునే సార్లకు ఒక మాట. 2020లో బడులు మూసి ఫోన్లలో పాఠాలు చెప్పినప్పుడు, ఇంటికి ఒక్క ఫోనుంటే అది నాయన జేబులో పనికి పోయింది. సిగ్నలు కోసం పిల్లలు డాబా ఎక్కారు, ఆ డాబా కూడా పక్కింటోళ్ళది. అందుకే నెట్‌లో ఆడే సినిమా ఒక్కటే చాలదు. పాస్‌వర్డు ఊరికి కూడా పనిచెయ్యాలి. ఫోనులోకి దించుకునే వీలుండాలి. అదీ కుదరనివాళ్ళకు హాస్టలు లైబ్రరీలో పెన్‌డ్రైవు ఇవ్వాలి.

గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల నుంచి కాలేజీలకు పోయే పిల్లలు ఆ క్లాజు నకలు తీసి ప్రిన్సిపాలుకి దరఖాస్తుతో పాటు ఇవ్వండి. రసీదు అడగండి. కాదంటే కాదని కాయితం మీద రాసివ్వమనండి. నోటితో చెప్పే 'కేసవుద్ది' కాయితం మీద పెట్టడానికి చాలామందికి చెయ్యి ఆడదు.

మన పిల్ల మొన్న దరఖాస్తు రాసుకొచ్చింది. సినిమా చూడబోయేవాళ్ళ పేర్లు కింద రాయాలంటే, తన పేరు కింద తల్లి పేరు కూడా రాసింది. తల్లి వేలిముద్ర వేసింది.