పగడాల తొట్టి: ముందు లైటా, ముందు పగడమా?

పగడం అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఉంగరం. కుజదోషం, మంగళవారం, బంగారంలో పెట్టించాలా రాగిలోనా అన్న చర్చ. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో వెలుతురు సరిగ్గా అందని గుహల్లో, లోతుల్లో పెరిగే రకం. దానికి లైటుతో పనిలేదు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. ఇంట్లో గాజు తొట్టిలో ఉప్పునీళ్ళు పోసి, బతికున్న పగడాల్ని పెంచుకునే సరదా గురించి.

హైదరాబాదు, బెంగుళూరు సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈ సరదా ఉన్నవాళ్ళు అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటారు. నా దగ్గర కూడా ఒక చిన్న తొట్టి ఉందని తెలిసి ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "బాసూ, ఏ లైటు కొనాలి?"

సర్వరులో ఏం నడపాలో తేల్చుకోకుండా ఎన్ని జీబీల ర్యామ్ కొనమంటావ్ అని అడిగినట్టుంటుంది ఇది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ముందు పగడం, తర్వాతే లైటు. అంతకంటే ముందు, ఆ పగడం ఎక్కడినుంచి వచ్చిందన్నది. మన దేశంలో చిన్న తొట్టి పెట్టుకునేవాళ్ళు మెత్తని పగడాల దగ్గరే ఆగిపోవాలి. అక్కడ ఆగితే లైటు సమస్య సగం దానంతట అదే తీరిపోతుంది కూడా.

అసలు పగడానికి లైటెందుకు? అది మొక్క కాదు, జంతువు. కానీ దిబ్బల మీద పెరిగే చాలా పగడాల ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో తిండి తయారుచేసుకుని, అందులో పెద్ద వాటా ఇంటి ఓనరుకి ఇచ్చేస్తుంది. అద్దె అన్నమాట. వెలుతురు చాలకపోతే పగడం ముందు గోధుమరంగుకి తిరిగి, తర్వాత మెల్లిగా చిక్కిపోతుంది. మరీ ఎక్కువైతే నాచుకి దెబ్బ తగిలి, పగడం దాన్ని బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. కాబట్టి "లైటు ఎంత ఎక్కువుంటే అంత మంచిది" అన్నది నిజం కాదు.

లైటు డబ్బా మీద ఉండే అంకెల్లో మూడు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

మొదటిది వాట్లు. గాలనుకి ఇన్ని వాట్లు అన్న లెక్క ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. వాట్లు చెప్పేది కరెంటు ఎంత తాగుతుందో, అంతే. పగడం మీద ఎంత వెలుతురు పడుతుందో చెప్పదు.

రెండోది లూమెన్లు. మనిషి కన్ను ఆకుపచ్చని, పసుపుని ఎక్కువగా చూస్తుంది, నీలాన్ని తక్కువగా. లూమెన్, లక్స్ రెండూ మన కంటిని బట్టి కట్టిన లెక్కలు. పగడంలోని నాచుకి బాగా పనికొచ్చేది నీలం. సముద్రంలో ఎరుపు మొదటి కొద్ది మీటర్లలోనే నీళ్ళలో కలిసిపోతుంది, లోతుకి వెళ్ళేది నీలమే. అందుకే ఫోనులో లక్స్ మీటర్ యాప్ పెట్టి నీలం ఎల్ఈడీని కొలిస్తే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు.

మూడోది కెల్విన్. పదివేలు, ఇరవైవేలు అని రాస్తారు. అది రంగు ఎలా కనిపిస్తుందో చెప్పే మాట. బలం సంగతి అందులో ఉండదు.

చూడాల్సింది పార్ అనే లెక్క. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురు కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని పడుతున్నాయో అది చెప్తుంది, మైక్రోమోల్స్‌లో. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు 2000. పుట్టగొడుగు పగడాలకి 50 నుంచి 100 చాలు. జొయాంథిడ్లు, తోలు పగడాలు 75 నుంచి 150 మధ్య హాయిగా ఉంటాయి. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా లాంటి రాతి పగడాలకి 200 నుంచి 350, ఒక్కోసారి ఇంకా పైన. ఈ మీటరు ఖరీదైనదే, ఒక్క తొట్టి కోసం కొనక్కర్లేదు. ఉన్నవాళ్ళ దగ్గర ఒక్క పూట అరువు తెచ్చుకుంటే చాలు. అదీ దొరక్కపోతే, తయారుచేసినవాళ్ళు ఏ ఎత్తులో ఎంత పార్ వస్తుందో పటం వేసి చూపిస్తున్నారా లేదా చూడండి. ఆ పటం ఇవ్వకుండా వాట్లు మాత్రమే పెద్దక్షరాల్లో వేసే లైటుని నేనైతే కొనను.

ఇప్పుడు లెక్క వేద్దాం. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉన్న తొట్టి అంటే 96 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన ఖాళీ పోను నీళ్ళు ఒక 75 లీటర్లుంటాయి. మెత్తని పగడాలకైతే ఇసుక మీద 50, రాళ్ళ పైభాగాన 150 వచ్చేలా చూసుకుంటే సరిపోతుంది. 40-60 వాట్ల మంచి ఎల్ఈడీ ఒక్కటి చాలు, నీలాన్నీ తెలుపునీ విడివిడిగా తగ్గించుకునే వీలుంటే చాలా మేలు. 50 వాట్లు రోజుకి 9 గంటలంటే నెలకి 13-14 యూనిట్లు. అదే రాతి పగడాల కోసమైతే బలమైన లైట్లు, దానికి తోడు కాల్షియం, ఆల్కలినిటీ రోజూ కొలిచి కలుపుతూ ఉండాలి. అస్థిపంజరం కట్టే జీవి కదా, నీళ్ళలోంచి ఆ సరుకు లాగేసుకుంటూ ఉంటుంది. 75 లీటర్ల నీళ్ళలో ఆ అంకెలు ఎంత త్వరగా ఊగుతాయో ఆలోచించండి.

కష్టం సంగతి అలా ఉంచండి. నేను రాతి పగడాలొద్దనడానికి అసలు కారణం అది కాదు. చట్టం.

చాలామందికి ఈ సంగతి తెలీదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే, 2001లో రాతి పగడాలన్నిటినీ చేర్చారు. ఫలానా జాతి అని కాదు, అన్నిటినీ. వాటితోపాటు నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లు కూడా. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్ళు తిరగరాశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. రాతి పగడాలకి ఆ రక్షణ అలాగే ఉంది. మొదటి షెడ్యూలు జీవి విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. కొట్టినవాడికే కాదు, ఇంట్లో పెట్టుకున్నవాడికి కూడా. ఇక అంతర్జాతీయంగా చూస్తే రాతి పగడాలన్నీ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, పర్మిట్ లేకుండా దేశం దాటకూడదు.

ఇంత ఉన్నా వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరుగుతూనే ఉంటాయి. "హామర్, టార్చ్, బ్రెయిన్ - స్టాక్ లిమిటెడ్." ఇవి మూడూ రాతి పగడాలే! మెత్తగా ఊగుతాయి కాబట్టి మెత్తని రకం అనుకుంటారు గానీ కింద ఉన్నది రాతి అస్థిపంజరం.

దీని మీద నాకు ఎదురయ్యే వాదనలు రెండు.

ఒకటి: "సముద్రం వేడెక్కి దిబ్బలకి దిబ్బలే పోతున్నాయి, నేనొక్కడ్ని ఒక ముక్క తెచ్చుకుంటే ఏమైంది?" దిబ్బలు పోతున్న మాట నిజమే. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన్నార్ సింధుశాఖలో పగడాలు తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో అమెరికా సంస్థ నోవా, ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని ప్రకటించింది. అదే ఏడాది లక్షద్వీప్‌లో కూడా తీవ్రంగా దెబ్బతిన్నాయి. కానీ ఇది ముక్క విరగ్గొట్టకూడదు అనడానికి కారణమవుతుంది గానీ విరగ్గొట్టడానికి కాదు. అంత వేడికి తట్టుకుని మిగిలిన పగడమే రేపు ఆ దిబ్బని మళ్ళీ నింపాలి. ఇల్లు తగలబడుతోంది కదా అని మిగిలిన గుమ్మం కూడా పీక్కుపోతామా?

రెండో వాదనలో బలం ఉంది: "అమెరికాలో తొట్టిలో పెంచిన ముక్కలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. సముద్రం జోలికే పోరు. మన దగ్గర అదెందుకు నేరం కావాలి?" డల్లాస్‌లో ఉన్న మా క్లాస్‌మేట్ తొట్టిలో సగం అలా వచ్చినవే. పక్కింటి పిన్నిగారి దగ్గర మందారం కొమ్మ తెచ్చుకుని నాటుకున్నట్టే. ఆ పద్ధతి మంచిదే, ఇక్కడా రావాలనే నేనూ కోరుకుంటా. క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తయారుచేసి చూపించింది. పగడాలకి కూడా లైసెన్సు ఉన్న నర్సరీ, ముక్క ముక్కకీ కాగితం ఉంటే ఎవరూ కాదనరు. అయితే ఆ ఏర్పాటు లేనప్పుడు, "ఇది తొట్టిలో పెంచిందే సార్" అన్న అమ్మేవాడి మాట తప్ప మన చేతిలో ఇంకేమీ ఉండదు. ఆ మాట మీద మొదటి షెడ్యూలు జీవిని హాల్లో పెట్టుకోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు. చట్టం మారాలంటే అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. ఈలోగా దొంగచాటుగా కొంటూ పోతే, నర్సరీ పెట్టాలనుకునే నిజాయితీపరుడికి గిరాకీ ఎక్కడినుంచి వస్తుంది?

సరే, మెత్తని పగడాలతో తొట్టి బోసిగా ఉంటుందేమో అని దిగులక్కర్లేదు. నేను సలహా ఇచ్చే వరస ఇది:

1. పుట్టగొడుగు పగడాలు (డిస్కోసోమా, రోడాక్టిస్). ఇసుక పక్కన, నీడ పట్టున పెట్టండి. చిన్న చిన్న పొరపాట్లని క్షమించేస్తాయి.

2. జొయాంథిడ్లు. చిన్న చిన్న పూలలా ఉంటాయి, లెక్కలేనన్ని రంగులు. కానీ వీటిలో, వీటి దాయాది పాలీథోవాల్లో, పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. గ్లవ్స్, కళ్ళజోడు లేకుండా ముట్టుకోవద్దు. ఇవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని మరిగించడం, వేడినీళ్ళు పోయడం ఎప్పుడూ చెయ్యొద్దు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వీటిని మానేసినా నష్టం లేదు.

3. తోలు పగడాలు (సార్కోఫైటాన్, సినులేరియా). మధ్య ఎత్తులో పెట్టండి. అప్పుడప్పుడు కొన్ని రోజులు ముడుచుకుని పైన మైనం లాంటి పొర వదుల్తాయి, కంగారు పడకండి. పక్కవాళ్ళకి నచ్చని రసాయనాలు కూడా నీళ్ళలోకి వదుల్తాయి కాబట్టి ఫిల్టర్లో కార్బన్ ఉంచండి.

4. జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్స్. చూడ్డానికి ముచ్చటేస్తుంది, పాకడంలో మాత్రం చెరువులో గుర్రపుడెక్కే. ఇసుక మధ్యలో విడిగా ఉన్న రాయి మీదే పెట్టండి.

మెత్తనివైనా సరే, ఎక్కడివని అడగండి. మన్నార్ సింధుశాఖ జాతీయ పార్కులోంచి ఏది తెచ్చినా నేరమే. తల్లి ముక్క అమ్మేవాళ్ళ తొట్టిలో కనిపించాలి. పిల్ల ముక్క తన దిమ్మ మీదికి పాకి అతుక్కుని ఉండాలి. అప్పుడే విరిగిన రాయి అంచు కనబడితే వదిలేయండి. పూర్తి నీలం లైటులో తీసిన ఫొటో చూసి డబ్బులు పంపొద్దు. ఆ లైటులో ఏదైనా వెలిగిపోతుంది. తెల్ల లైటులో ఫొటో అడగండి. "లైవ్ రాక్" పేరుతో అమ్మేది కూడా చచ్చిన పగడం రాయి కావచ్చు. సిరామిక్ రాళ్ళు వాడండి, కొన్ని నెలలకి వాటిమీదా జీవం పడుతుంది.

కొత్త పగడం వచ్చాక లైటుని మూడో వంతు బలంతో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో మెల్లిగా పెంచండి. రోజుకి 8-9 గంటలు చాలు, టైమరు పెట్టేయండి. కిటికీ పక్కన ఎండ పడేచోట తొట్టి పెట్టడం మాత్రం వద్దు. నాచు పెరుగుతుంది, నీళ్ళు కాగుతాయి.

చివరగా, లైటు మీద మిగిల్చిన డబ్బులు ఎక్కడ పెట్టాలో చెప్తా. చల్లదనం మీద. పగడానికి కావలసింది 25-27 డిగ్రీలు. మన మే నెల సంగతి తెలిసిందేగా. హైదరాబాదు పొడి ఎండలో నీటి మీద చిన్న ఫ్యాను పెడితే, ఎయిర్ కూలర్ లాగే, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకి ఉప్పునీళ్ళు కాకుండా ఆర్వో, డీఐ చేసిన మంచినీళ్ళు పోయాలి. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో ఫ్యాను అంత పని చెయ్యదు, చిల్లరు కొనాల్సిందే. దాంతోపాటు కరెంటు పోతే నీళ్ళు కదిలించడానికి బ్యాటరీ పంపు ఒకటి. చీకట్లో ఒక రోజు పగడం బతుకుతుంది. కదలని వేడినీళ్ళలో బతకడం కష్టం.

ఈ జాబితా అంతా చదివాక కూడా "కానీ బాసూ, అక్రోపోరా ఎంత బావుంటుందో" అనేవాళ్ళుంటారు. నిజమే, బావుంటుంది. సెలవు పెట్టి అండమానో లక్షద్వీపో వెళ్ళి, కళ్ళకి మాస్క్ పెట్టుకుని, చెయ్యి తగలకుండా చూసి రండి. ఖర్చు ఒక మంచి లైటు ధర కంటే పెద్ద తేడా ఏమీ ఉండదు.