‘అతి’ అన్న ఒక్క మాట చాలదు

నౌపడ ఉప్పు మడుల మీదుగా వీచే సముద్రపు గాలిలో, మైకు లేకుండా నాలుగో వరుస దాకా పాట వినిపించాలంటే గొంతెత్తక తప్పదు. ఉత్తరాంధ్ర ఆటలన్నీ ఆరుబయట పెరిగినవే. వాటిని చూసొచ్చి రాసే సమీక్షల్లో మాత్రం ‘అతి’, కాదంటే ‘ఓవర్ యాక్షన్’. ఈ రెండు మాటలతో సరిపెట్టడం కళాకారుడికి అన్యాయం.

తప్పెటగుళ్లు చూడండి. యాదవుల కళ అది. రేకు తప్పెటను రొమ్ముకు కట్టుకుని, రెండు అరచేతులా వాయిస్తూ, గజ్జెలు ఘల్లుమనేలా ఎగురుతూ, పాడుతూ గుండ్రంగా తిరుగుతారు. జోరు హెచ్చేకొద్దీ ఒకరి భుజాల మీదికి ఒకరెక్కి నిలబడతారు. ఆ చిందే వాళ్ల మొక్కు. తగ్గించమని ఎవరిని అడుగుతాం?

తూర్పు భాగవతంలో మద్దెల హోరుకు దీటుగా సత్యభామ నిలవాలి. తెర మీదుగా జడ బయటికి వేయడం భామాకలాపంలో పాత ఆనవాయితీ. నన్ను ఓడించగలిగితే వచ్చి ఈ జడ కోయండని పండితులకు సవాలు. ఆ మిడిసిపాటు లేకపోతే ఆ వేషమెందుకు? భరతుడు కూడా ఉద్ధతమైన నటనకు ఆరభటి అని పేరు పెట్టి, నాలుగు వృత్తుల్లో ఒకటిగా చోటిచ్చాడు.

అయితే అతి లేదా అంటే, ఉంది. పద్యనాటకంలో చివరి అక్షరం పట్టుకుని, వన్స్‌మోర్ పడేదాకా రాగం లాగుతుంటే, కృష్ణుడు సంధి కోసం వచ్చిన సంగతి సభకూ గుర్తుండదు, ఆయనకూ గుర్తుండదు. మన విజయనగరం సీమవాడే పీసపాటి నరసింహమూర్తి (1920–2007) ఆ పాత్రలోనే రాగాన్ని కుదించి, అర్థం తెలిసేలా పద్యం విరిచి చదివారు. ఠీవి ఇసుమంతైనా తగ్గలేదు. పీసపాటి ఠీవికీ వన్స్‌మోర్ రాగానికీ తేడా చెప్పలేని సమీక్ష మాకు అక్కర్లేదు.

ఆ తేడా చెప్పే మాటలు రచ్చబండల దగ్గర ఇంకా బతికే ఉన్నాయి. ఆట ముగిశాక మీ ఊరి పెద్దలు ఏమని మెచ్చుకుంటారో, ఏమని పెదవి విరుస్తారో వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. ఏ ఊరో, ఏ ఆట గురించో తప్పక చెప్పండి. అచ్చువేసే పూచీ మాది.