కరెంటు బండి ఎవరికి గిట్టుబాటు?

లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటిన నాటి నుంచి పల్లెల్లో ఒక ప్రశ్న తరచు వినిపిస్తున్నది. కరెంటు బండి కొంటే కలిసి వస్తుందా? అమ్మేవారిని అడిగితే కిలోమీటరుకు రూపాయి ఖర్చంటారు. గిట్టనివారిని అడిగితే బ్యాటరీ పోతే బండి పోయినట్టేనంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజమున్నది. అయితే ఇద్దరూ అడగని సంగతి ఒకటున్నది. మీ బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? లాభనష్టాలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

కరెంటు బండి కొనేటప్పుడు ఖరీదు, నడిపేటప్పుడు చౌక. ఖరీదుకు ముఖ్య కారణం బ్యాటరీ. ముందు ఎక్కువగా పెట్టిన సొమ్ము రోజువారీ ఆదాతో తిరిగి రావాలి. ఎక్కువ తిరిగే బండికి త్వరగా వస్తుంది. చూరు కింద నిలబడే బండికి రాదు.

ముందుగా సొంత కారు సంగతి చూద్దాం. లీటరు పెట్రోలు 108 రూపాయలనుకుందాం. చిన్నకారు లీటరుకు 18 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 6 రూపాయలు. అదే తరహా కరెంటు కారు ఇంటి మీటరులో ఒక యూనిట్ కాలితే సుమారు 7 కిలోమీటర్లు నడుస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటున్నది. ఇంట్లో యూనిట్ సగటున నాలుగు రూపాయలు పడుతున్నదని కారుకూ అదే రేటు వేసుకుంటారు. కారు తాగే యూనిట్లు ఇంటి వాడకం పైన చేరేవి. అవి పై శ్లాబులో పడతాయి. మన రాష్ట్రంలో 2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 225 యూనిట్లు దాటితే యూనిట్ 8 రూపాయల 75 పైసలు. ఆ లెక్కన కారుకు కిలోమీటరుకు రూపాయి పావలా. పెట్రోలుతో పోలిస్తే 4 రూపాయల 75 పైసలు మిగులు.

ఇది చాలా పెద్ద మిగులే. కాని కరెంటు కారుకు మూడు లక్షలు అదనంగా పెట్టాల్సి వస్తే ఏమవుతుందో చూడండి. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే రైతు కుటుంబానికి ఏడాదికి 7,200 కిలోమీటర్లు. మిగిలేది 34,200 రూపాయలు. ఆ మూడు లక్షలకు నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా ఏడాదికి 36,000. మిగులంతా వడ్డీకే చాలదు. ఇక అసలు ఎప్పుడు తీరుతుంది? పెళ్లిళ్లకు, ఆస్పత్రికి, పేటకు వెళ్లి రావడానికి మాత్రమే కారు వాడేవారికి ఇది గిట్టుబాటు బేరం కాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు బండ్లకు 2019 నుంచి ఉన్న 5 శాతం అలాగే ఉంచారు. అంటే రెంటి ధరల మధ్య తేడా కరెంటు కారుకు మునుపటంత అనుకూలం కాదు.

అదే కారును కిరాయికి తిప్పి ఏడాదికి 30,000 కిలోమీటర్లు నడిపేవారికి మిగులు 1,42,500 రూపాయలు. రెండేళ్ల కొద్దిపాటి పైన అదనపు సొమ్ము చేతికొస్తుంది. అయితే ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటేనే ఈ లెక్క. హైదరాబాదు వంటి దూరపు కిరాయికి పోయి బయట యూనిట్ 20 రూపాయలకు కొంటే మిగులు కిలోమీటరుకు 3 రూపాయల చిల్లరకు పడిపోతుంది. చార్జింగ్ దగ్గర కాచుకున్న సమయం వేరే.

మధ్యే మార్గం?

హైబ్రిడ్ కారు మధ్యే మార్గమని కొందరంటారు. దీనిలో పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని చిన్న బ్యాటరీలో దాచుకుని మళ్లీ వాడుకుంటుంది. ప్లగ్గు పెట్టే పని లేదు. ఆగుతూ కదిలే పట్నపు రద్దీలో దీని మేలు ఎక్కువ. ఆగకుండా సాగే హైవే మీద తక్కువ. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లని కంపెనీ ప్రకటించింది. ప్రకటనలో అంకె రోడ్డు మీద రాదు. రోడ్డు మీద 22 వస్తుందని, అదే సైజు మామూలు కారుకు 16 వస్తుందని అనుకున్నా, మిగులు కిలోమీటరుకు 1 రూపాయి 84 పైసలు. మూడు లక్షలు అదనంగా పెడితే అది తిరిగి రావడానికి లక్షా అరవై మూడు వేల కిలోమీటర్లు తిరగాలి. పల్లెటూరి కారుకు అది ఇరవై ఏళ్ల పైమాట.

ఆటోవాలాకే అసలు మేలు

మన పల్నాడులో ఈ లెక్క నిజంగా ఎవరికి అవసరమంటే, ఆటో నడిపేవారికి. 2025 ఆగస్టు 15న ఆడవారికి ఆర్టీసీ ఉచిత ప్రయాణం వచ్చింది. ఆడవారికి అది మేలే. కాని షేరు ఆటోల సీట్లు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం ఆ అక్టోబరులో డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున సాయం చేసింది. ఏడాది పొడుగునా తగ్గే రాబడికి అది చాలదు. చార్జీ పెంచితే ఉన్నవారూ ఎక్కరు. ఇక డ్రైవరు చేతిలో ఉన్నది ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే.

చిలకలూరిపేట, నరసరావుపేటల మధ్య సుమారు 20 కిలోమీటర్లు. రోజుకు రెండుసార్లు వెళ్లి వస్తే 80 కిలోమీటర్లు. డీజిలు ఆటో లీటరుకు 30 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 96 రూపాయల లెక్కన కిలోమీటరుకు 3 రూపాయల 20 పైసలు. నెలలో 25 రోజులు తిప్పితే డీజిలుకే 6,400 రూపాయలు. మహీంద్రా ట్రియో వంటి కరెంటు ఆటో బ్యాటరీ 7.37 యూనిట్లది. దానితో వంద కిలోమీటర్లు వస్తాయనుకుని, చార్జింగులో పోయే నష్టం కూడా కలిపితే మీటరులో ఎనిమిదిన్నర యూనిట్లు కాలతాయి. నెలకు 170 యూనిట్లు. అన్నిటికీ పై శ్లాబు రేటే వేసుకున్నా 1,500 రూపాయలు మించదు. నెలకు 4,900 రూపాయలు మిగులు. ఆటోకు 80 వేలు అదనంగా పెట్టినా ఏడాదిన్నర లోపే తిరిగి వస్తుంది.

అయితే ఈ మిగులు డ్రైవరు ఇంటికి చేరకుండా కాజేసేది ఒకటున్నది. అదే వడ్డీ. మూడు లక్షల అప్పు మూడేళ్లలో తీర్చాలి. తగ్గే అసలు మీద నూటికి రూపాయి వడ్డీ అయితే నెలకు 9,964 రూపాయలు కట్టాలి. రెండు రూపాయల వడ్డీ అయితే 11,770. నెలకు 1,800 రూపాయల తేడా. డీజిలులో మిగిల్చిన దానిలో మూడో వంతుకు పైగా ఫైనాన్సు వారికి సమర్పించుకోవడమే. కనుక బండి రేటు ఒక్కటే కాదు, అప్పు రేటు కూడా బేరమాడాలి. 2015లో మొదలైన ముద్ర పథకం కింద ఆటోకు బ్యాంకు అప్పు తీసుకునే వీలున్నది. బ్యాంకు మేనేజర్లు దరఖాస్తులను తిప్పి పంపకుండా చూడాలి.

ఎండ, కూలీలు, బోరు కరెంటు

మిరపకాయ కోతల రోజుల్లో ఒక్కో ఆటోలో ఎంతమంది కూలీలను ఎక్కిస్తున్నారో అందరికీ తెలుసు. కరెంటు ఆటోలో అలా కుక్కితే ప్రాణాపాయం ఎటూ ఉంది. బ్యాటరీ కూడా దారి మధ్యలోనే దిగిపోతుంది. ఇక రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. లిథియం బ్యాటరీకి వేడి పడదు. వేడెక్కిన బ్యాటరీకి వెంటనే చార్జింగ్ పెట్టడం, బండిని ఎండలో ఉంచడం దాని ఆయుష్షు తగ్గిస్తాయి. నీడన నిలపాలి. చల్లారాక ప్లగ్గు పెట్టాలి. చౌకగా వస్తున్నదని సీసం బ్యాటరీ బండి కొంటే ఏడాది, ఏడాదిన్నరకు మళ్లీ బ్యాటరీ ఖర్చు మీద పడుతుంది. బ్యాటరీకి ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు పూచీ ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోనిదే బయానా ఇవ్వరాదు.

మరొక హెచ్చరిక కూడా అవసరం. పొలంలో బోరుకు ఉచిత కరెంటు ఉన్నది కదా అని దానితో బండికి చార్జింగ్ పెడితే అది నేరుగా చట్టం పరిధిలోకి వస్తుంది. ఒక పనికి ఇచ్చిన కరెంటును వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు వసూలు చేస్తారు. ఏడాది మిగులు ఒక్క తనిఖీతో పోతుంది. ఇంట్లోనే అయినా 15 ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తింగు ఉండాలి. పాత వైరింగుకు తగిలిస్తే ఇంటికే చేటు.

పాలకులు చేయవలసిన పని

2024 అక్టోబరు 1న మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం సొంత కార్లకు రాయితీ ఇవ్వలేదు. ఆటోలకు మొదట 50 వేల వరకు, తరువాత 25 వేల వరకు ఇచ్చింది. ఎక్కువ తిరిగే బండికి సాయం చేయాలన్న ఆలోచన సరైనదే. కాని రాయితీలు నేడుంటాయి, రేపు తగ్గుతాయి. నిలిచి ఉండేవి వసతులు. బస్టాండ్ల దగ్గర, మార్కెట్ యార్డుల్లో, మండల కేంద్రాల్లో ఆటోలు మధ్యాహ్నం ఆగే చోట నీడ ఉన్న చార్జింగ్ పాయింట్లు పెట్టాలి. టారిఫ్‌లో వాహనాల చార్జింగ్‌కు విడి కేటగిరీ ఉన్న సంగతి ఎందరు డ్రైవర్లకు తెలుసు? విద్యుత్ శాఖ ఊరూరా చెప్పాలి. మీటరు అడిగినవారిని తిప్పుకోకుండా ఇవ్వాలి. డీజిలు ఇంజను విప్పగల మెకానిక్ ప్రతి సెంటరులోనూ ఉన్నాడు. కరెంటు బండి కంట్రోలరు పోతే పట్నానికి మోయాల్సి వస్తున్నది. ఐటీఐల్లో ఈ పని నేర్పితే మన కుర్రవాళ్లకు ఉపాధి, డ్రైవరుకు రోజు కూలి నష్టం తప్పుతాయి.

కొనేవారు ముందు ఒక నెల రోజులు తమ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకోవాలి. రోజుకు ఇరవై అయితే ఉన్న బండినే జాగ్రత్తగా నడుపుకోవడం మేలు. ఎనభై అయితే, తక్కువ వడ్డీకి అప్పు దొరికితే, కరెంటు ఆటోకు వెనుకాడనక్కరలేదు. ఆ అప్పు, ఆ ప్లగ్గు డ్రైవరుకు అందేలా చూడటం జిల్లా యంత్రాంగం బాధ్యత.